కుర్చీలు పైలం

మా అత్తమ్మ రెండోసారి అమెరికా వచ్చినప్పుడు ఆమెను క్రూజ్‌కి తీసుకెళ్ళాం. నయాగరా, వాషింగ్టన్, షికాగోలోని పెద్ద పెద్ద భవనాలు అన్నీ మొదటిసారే చూపించేశాం. చుట్టాల పెళ్ళి ఆల్బమ్ చూసినట్టు ఆమె వాటన్నిటినీ మర్యాదగా చూసింది, బాగున్నాయంది. క్రూజ్ అనగానే మాత్రం కుట్టుమిషన్ ఆపి తలెత్తింది.

"సముద్రం మీదికెల్లే పోతదా బిడ్డా? అండ్ల దిగనిస్తరా?"

"ఓడలోంచి దిగనివ్వరు అత్తమ్మా. కానీ మధ్యలో ఒక ద్వీపం దగ్గర ఆపుతారు. ఆ ద్వీపం మొత్తం ఓడ కంపెనీదే. ఆ రోజంతా బీచ్ మనదే. మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు దిగొచ్చు."

బీచ్ మనదే అన్న మాట నాది కాదు, వెబ్‌సైట్‌లో బొమ్మ కింద ఉన్నది. ఆ బొమ్మలో తెల్లటి ఇసుక, రెండు కుర్చీలు, ఒక గొడుగు తప్ప మనిషన్నవాడు లేడు.

మా అత్తమ్మది వరంగల్ దగ్గర పల్లె. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. అరవై దాటినా అప్పటికింకా సముద్రంలో కాలు పెట్టలేదు. ఒకసారి ఒడ్డుదాకా మాత్రం వెళ్ళిందట. తిరుపతి నుంచి బస్సు మద్రాసు పోతే, మా మామయ్య, ఆయన చెల్లెళ్ళు, బావలు అందరూ బీచ్‌లో దిగారట. దిగేముందు తలా ఒక సంచి, చెప్పులు, వాచీలు తెచ్చి ఈమె ఒళ్ళో పెట్టి, "నువ్వు జర కూసో, మేం కాళ్ళు కడుక్కొని వస్తం" అన్నారట. వాళ్ళు మెడలోతు మునిగి, కేరింతలు కొట్టి, తడిబట్టలతో వచ్చేసరికి బస్సువాడు హారన్ కొట్టాడు. "అందరు సముద్రం చూసిండ్రు, నేను చెప్పులకు కావలి కూసున్న" అంటూ ఆమె ఒక్కొక్కరు చెప్పులు విడిచిన తీరు నటించి చూపించేది. షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా సోఫా మీద కూర్చుని ఆ కథ విని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

నాది కాకినాడ. సముద్రం మాకు ఇంటికి చుట్టాలొస్తే చూపించే చోటు, అంతే. స్కూటర్ మీద వెళ్ళి, మరమరాలు తిని, కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని వచ్చేవాళ్ళం. దాని కోసం ఒక మనిషి ముప్పై ఏళ్ళు ఎదురుచూడొచ్చన్నది నా బుర్రకు ఎక్కలేదు. పైగా అప్పుడు రాష్ట్రం రెండుగా విడిపోతుందని తెలుగు చానెళ్ళన్నీ హోరెత్తుతున్నాయి. బయట ఎవరింట్లో ఎలా ఉండేదో కానీ, మా ఇంట్లో అది వేళాకోళం. "అత్తమ్మా, సముద్రం మా వాటాకొస్తోంది. మీరు దిగాలంటే ఇక మా పర్మిషన్ తీసుకోవాలి" అని నేను ఉడికించేదాన్ని. "మీ సముద్రం మీరే ఉంచుకోండ్రి. నాకు ఒక్క మునుగుడు చాలు" అనేది ఆమె.

ఆ ఒక్క మునక కోసం ఆమె ఒక గౌను కుట్టుకుంది. చీరతో దిగితే కాళ్ళకు చుట్టుకుంటుంది, నైటీ అయితే నీళ్ళల్లో పైకి తేలుతుంది, ఆ దుకాణాల్లో వేలాడే ఈత బట్టలు చూస్తేనే సిగ్గు. అందుకని బట్టల కొట్లో మందపాటి ముదురు నీలం కాటన్ కొనిపించుకుని, మోచేతుల దాకా చేతులు, పాదాల దాకా పొడవు పెట్టి కుట్టింది. కింద అంచులోపల కాన్వాసు పట్టీ వేసి రెండు మడతలు పెట్టింది, నీళ్ళల్లో బరువుగా కిందికే ఉండాలని. కుట్టడం అయ్యాక మా బాత్‌టబ్ నింపుకుని, తలుపు గడియ పెట్టుకుని ట్రయల్ కూడా చూసుకుంది. బయటికొచ్చి, "లేస్తలేదు బిడ్డా, మంచిగున్నది" అని తృప్తిగా చెప్పింది.

క్రిస్మస్ సెలవుల్లో నాలుగు కుటుంబాలం ఫ్లోరిడాలో ఓడ ఎక్కాం. మా గుంపులో ఒకాయనది మా పక్క ఊరు అరోరా. ఏ ట్రిప్పయినా ప్లానింగ్ ఆయనదే, కాబట్టి అందరం లీడర్ అనేవాళ్ళం. ద్వీపం చేరే ముందు సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఏర్పాట్లు ప్రకటించారు. "రేపు మనతో పాటు ఇంకో ఓడ కూడా ఆగుతోందట. నీడలో కుర్చీలు దొరకడం కష్టం. నేను ఫస్ట్ బోట్‌లో వెళ్ళి పట్టేస్తాను. మీరు మెల్లగా టిఫిన్ చేసి రండి."

దీన్ని తప్పనుకునే స్థితిలో మేమెవరం లేము. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టి పెరిగినవాళ్ళం. కర్చీఫ్ పడ్డ సీటు మనదే, దాన్ని కాదన్నవాడే దౌర్జన్యపరుడు. ఆ న్యాయం ఎక్కడైనా చెల్లుతుందనే అనుకున్నాం.

మర్నాడు ఓడ దూరంగా లంగరేసింది. చిన్న పడవల్లో ద్వీపానికి చేర్చారు. ఇసుక వేస్తే రాలనంత జనం అంటాం కదా, అక్కడ వేయడానికి ఇసుకైతే బోలెడుంది, రాలడానికి మాత్రం చోటు లేదు. రెండు ఓడల మనుషులు ఆ కాస్త ఒడ్డున సర్దుకుంటున్నారు. నీళ్ళ అంచు నుంచి కొబ్బరిచెట్ల దాకా నీలం కుర్చీలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పిల్లల ఏడుపులు, డ్రమ్ముల సంగీతం, సన్‌స్క్రీన్ వాసన. అత్తమ్మ చీర కింద గౌను తొడుక్కుని, జుట్టు గట్టిగా ముడేసుకుని వచ్చింది. అటూ ఇటూ చూసి, "గింత మంది యాడికెల్లి వచ్చిండ్రు బిడ్డా? మేడారం జాతర లెక్కున్నది" అంది. కానీ ఆమె కళ్ళు జనం మీద లేవు. మనుషుల తలల మధ్య నుంచి ముక్కలుముక్కలుగా కనిపిస్తున్న నీళ్ళ మీద ఉన్నాయి.

లీడర్ మాట నిలబెట్టుకున్నారు. చెట్ల నీడలో రెండు వరుసల కుర్చీలు మావే. ఒకదాని మీద ఓడవాళ్ళ టవల్, ఒకదాని మీద టోపీ, ఒకదాని మీద ఒంటి చెప్పు, చివరి వాటి మీద వాళ్ళావిడ చున్నీ చింపినంత పని చేసి పరిచారు. మేమున్నదానికంటే కుర్చీలు ఎక్కువే ఉన్నాయి. ఎందుకైనా మంచిదని.

మేం వెళ్ళేసరికి అక్కడ పనిచేసే ఒకతను లీడర్‌తో మాట్లాడుతున్నాడు. మనిషి లేని కుర్చీలు ఖాళీ చేయిస్తామని, ఇప్పటికే చాలామంది ఫిర్యాదు చేశారని చాలా మర్యాదగా చెప్పి వెళ్ళాడు. లీడర్ మా వైపు తిరిగి, "ఎవరో ఒకరు కూర్చోవాలి. మనిషుంటే వాళ్ళేం అనరు" అన్నారు.

నలుగురం మొహాలు చూసుకున్నాం. మావారు, మా అమ్మాయి నీళ్ళ అడుగున చేపలు చూసే స్నార్కెలింగ్ బుక్ చేసుకున్నారు, టైమయిపోతోంది. లీడర్ కుటుంబానిది పడవ షికారు. మిగిలినవాళ్ళ పిల్లలు అప్పటికే నీళ్ళల్లో ఉన్నారు. అప్పుడు నేనన్నాను, "మా అత్తమ్మ కూర్చుంటారు లెండి కాసేపు."

ఈ మాట నేనే అన్నాను. ఎవరూ నా చేత అనిపించలేదు. మా అమ్మే అక్కడుంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు. "నేనెందుకు కూర్చుంటానే?" అని అందరి ముందూ కడిగేసేది. కాదనని మనిషి ఎవరో మనకు తెలుస్తూనే ఉంటుంది, పని సరిగ్గా వాళ్ళకే పడుతుంది.

"ఒక్క గంట అత్తమ్మా. నేనొచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాను. కుర్చీలు పైలం" అన్నాను. పైలం అంటే జాగ్రత్త. ఆ మాట ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఆమె మాట ఆమెకే చెబితే పని తీపిగా అవుతుందని నాకు తెలుసు.

"పోయి రా బిడ్డా. సముద్రం యాడికి పోతది?" అంది.

గంట తర్వాత కాదు, చాలాసేపటికి తిరిగొచ్చాను. పిల్లలతో నీళ్ళల్లో ఆడుతూ ఉండిపోయాను. నీళ్ళు గోరువెచ్చగా, అడుగున నా కాలి మెట్టెలు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఇది కాకినాడ నీళ్ళు కాదు, అత్తమ్మ చూస్తే ఎంత మురిసిపోతుందో అని నిజంగానే అనుకున్నాను. అనుకుని మళ్ళీ మునిగాను.

వచ్చి చూస్తే వరుస చివర కుర్చీలో ఎవరో ముసలాయన పడుకుని ఉన్నాడు, పక్కన చేతికర్ర. లీడర్ వాళ్ళావిడ కూడా అప్పుడే వచ్చింది. "అయ్యో ఆంటీ, ఇచ్చేశారా?" అంది.

"ముసలాయన బిడ్డా. ఎండల నిలబడ్డడు. కాళ్ళు వణుకుతున్నయి" అంది అత్తమ్మ తప్పు చేసినదానిలా.

అక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. "అందరికీ ఇచ్చుకుంటూ పోతే మనకేం మిగులుతాయి అత్తమ్మా?" అన్నాను. గొంతు పెద్దది చేయలేదు కానీ, అన్న తీరు బాగాలేదు. అప్పటికీ మా కుర్చీల్లో సగానికి పైగా టవళ్ళు మాత్రమే పడుకుని ఉన్నాయి. అత్తమ్మ తల ఊపి, లేచి, మధ్య కుర్చీలోకి మారింది. రెండు వరుసలూ కనబడే చోటది. ఆ తర్వాత ఎవరు వచ్చి అడిగినా, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి అడిగినా, చేయి అడ్డంగా ఊపి "ఫ్యామిలీ కమింగ్, ఫ్యామిలీ కమింగ్" అంది. ఆ రెండు ముక్కలూ మా అమ్మాయి నేర్పింది.

భోజనం లైన్ పాములా మెలికలు తిరిగి ఉంది. నేనూ లీడర్ వాళ్ళావిడా అందులో నిలబడి, అందరికీ ప్లేట్లు మోసుకొచ్చాం. అత్తమ్మ మాంసం వాసన పడక పుచ్చకాయ ముక్కలు, ఒక బన్ను తింది. తిని, చేయి కడుక్కుని, నా వైపు చూసింది. అడగలేదు. చీర కుచ్చిళ్ళు కొంచెం సర్దుకుంది, అంతే. కింద నీలం అంచు కనబడింది.

"తిన్న వెంటనే నీళ్ళల్లో దిగకూడదు అత్తమ్మా. ఒక్క అరగంట కూర్చుని వెళ్దాం" అన్నాను.

అని, ఆమె పొద్దున్నించి నా కోసం కాపాడిన కుర్చీలో వెనక్కి వాలాను. నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి నీడ పక్కకు జరిగిపోయింది. నా కాళ్ళ మీద టవల్ కప్పి ఉంది, ఎండ తగలకుండా. మైకులో చివరి పడవల గురించి చెబుతున్నారు. జనమంతా సామాన్లు మోసుకుంటూ జెట్టీ వైపు కదులుతున్నారు. అత్తమ్మ అదే కుర్చీలో అదే తీరుగా కూర్చుని, మా టవళ్ళు ఒక్కొక్కటే దులిపి మడత పెడుతోంది.

"అత్తమ్మా, లేపలేదేం?"

"మంచిగ పండుకున్నవు కదా. ఊకె ఆఫీసు, ఊకె ఉరుకుడు నీకు. పండుకోనీ అనుకున్న."

"పోనీ మీరు వెళ్ళొచ్చు కదా?"

ఈ ప్రశ్న అడిగినందుకు నాకు ఇప్పటికీ మొహం చెల్లదు. ఎలా వెళ్తుంది? కుర్చీలు పైలం అన్నది నేను. ఒకటి పోయినందుకు మొహం మాడ్చుకున్నది నేను. పైగా ఆమెకు ఈత రాదు, అలలంటే తెలియదు, చేయి పట్టుకుని దింపే మనిషి కావాలి. వచ్చి తీసుకెళ్తానన్నదీ నేనే.

"పదండి. ఇప్పుడే. ఒక్క మునక వేయించి తీసుకొస్తాను" అని చేయి పట్టుకుని లేపాను. ఆమె లేచింది కూడా. మడత పెట్టిన టవళ్ళు కుర్చీలో పెట్టి, చీర కొంగు నడుముకు చుట్టుకుంది. అప్పుడే లీడర్ వచ్చారు. "ఎక్కడికండీ? లైన్ చూశారా? లేటైతే ఓడ మన కోసం ఆగదు. తడిబట్టలతో ఆంటీ ఆ జనంలో ఎలా నిలబడతారు?"

నేను లైన్ చూశాను. నిజంగానే పొడవుగా ఉంది. అత్తమ్మ నా మొహం చూసింది. చూసి, నేను ఏమీ అనకముందే కొంగు విప్పుకుని భుజం మీద వేసుకుంది. "పోనీయ్ బిడ్డా" అంది.

టైం ఉండింది. ఆ లైన్లో మేం నిలబడ్డంతసేపట్లో ఆమె పదిసార్లు మునిగి లేచేది. ముందుకు కదలని ఆ లైన్లో, చుట్టూ తడి జుట్టు, ఉప్పు, ఎర్రగా కాలిన వీపుల మధ్య, పొడి చీరతో ఉన్న ఒకే ఒక్క మనిషి మా అత్తమ్మ. అది చూస్తూ కూడా నేను కదల్లేదు. లైన్లో మా చోటు పోతుందని.

పడవలో ఆమెకు అంచున సీటు దొరికింది. నీళ్ళు బాగా దగ్గరగా ఉన్నాయి. ఆమె మెల్లగా చేయి బయటికి చాపింది. వేళ్ళు ఇంకా అందలేదు, పడవ నడిపేవాళ్ళలో ఒకతను "చేతులు లోపల పెట్టుకోండి మేడమ్" అని ఇంగ్లిష్‌లో అరిచాడు. ఆమెకు మాట అర్థం కాకపోయినా సైగ అర్థమైంది. చేయి లోపలికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి అప్పుడే ఆమెను పరీక్షగా చూసింది. "నానమ్మ, నీ హెయిర్ ఎందుకు డ్రైగా ఉంది? నువ్వు ఓషన్‌లో వెళ్ళలేదా?"

"చూసిన కదా బిడ్డా. గంత దగ్గరికెల్లి చూసిన" అంది అత్తమ్మ.

మావారు నా వైపు చూశారు. నేను పక్క పడవ వైపు చూశాను.

గదికొచ్చాక ఆయన తలుపు వేసి, "నువ్వు తీస్కపోతవనుకున్న" అన్నారు. "మీ అమ్మ కదా! మీరెందుకు తీసుకెళ్ళలేదు? రోజంతా చేపలు చూస్తూ ఉన్నారు కదా!" అని విరుచుకుపడ్డాను. తప్పు మన దగ్గరున్నప్పుడు నోరు బాగా లేస్తుంది. ఇద్దరం మంచానికి చెరో వైపు కూర్చున్నాం. గోడ అవతల గదిలో అత్తమ్మ మనవరాలి తల దువ్వుతోంది. ఇసుక రాలుతుంటే "సగం సముద్రం నెత్తిమీదనే తెచ్చినవు కదనే" అని నవ్వుతోంది.

మర్నాడు లీడర్ ఓదార్పుగా, "ఓడ మీద పూల్‌లో ఉన్నవి కూడా సముద్రం నీళ్ళే ఆంటీ, అందులో దిగండి" అన్నారు. అత్తమ్మ వెళ్ళి చూసింది. అక్కడా కుర్చీలే, టవళ్ళే, మనుషులే. "అది తొట్టి కదా కొడుకా" అని వచ్చేసింది.

నేపర్‌విల్ చేరాక సూట్‌కేసులు విప్పి బట్టలు వాషర్‌లో వేస్తున్నాను. అందరివీ ఉప్పుతో అట్టకట్టాయి, ప్రతి జేబులోనూ ఇసుక. అత్తమ్మ సూట్‌కేసులో నీలం గౌను అడుగున ఉంది. తీసి మిగతావాటితో వేయబోయాను. ఆమె వెనక నుంచి వచ్చి నా చేతిలోంచి తీసుకుంది.

"ఇది ఉతుకుడెందుకు బిడ్డా? తడువనే లేదు కదా."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడవడం ఆమెకు రాదు. నీళ్ళూ సబ్బూ దండగవుతాయని అన్న మాట అది. నేను వాషర్ మూత పట్టుకుని ఏడ్చాను. ఆమె గాభరాపడి, "ఏమైంది? ఏమైంది?" అని నా వీపు నిమిరింది. క్షమించండి అత్తమ్మా అన్నాను. దేనికి అని అడిగింది. చెప్పాను. మద్రాసు చెప్పుల కథ నాకు తెలుసు, తెలిసి కూడా అదే పని చేశాను అని చెప్పాను. ఆమె నా మొహం చూడకుండా గౌను మడతలు సరిచేసింది. ఆ చూడకపోవడంలో ఆమెకూ ఆ సంగతి అక్కడ, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తోచిందని నాకు అర్థమైంది. "మల్ల వచ్చినప్పుడు పోదాం తియ్యి" అంది చివరికి.

మళ్ళీ రాలేదు. ఊరికి తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకే మోకాళ్ళు పట్టేశాయి. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే, ఇక విమానం మాట ఎత్తొద్దంది. గౌను అక్కడికే తీసుకెళ్ళింది. దాని అంచులోని కాన్వాసు పట్టీ విప్పి సంచి పిడులకు వాడిందని మా ఆడపడుచు చెప్పింది.

ఆ వేసవిలో రాష్ట్రం రెండయింది. ఆ రోజు ఫోన్ చేస్తే వాళ్ళ ఊళ్ళో పటాసుల చప్పుళ్ళు, అరుపులు. అత్తమ్మ సంతోషంగా ఉంది. స్వీట్లు పంచారట, వీధిలో డప్పులు కొడుతున్నారట. నాకు మా పాత వేళాకోళం గుర్తొచ్చింది కానీ ఎత్తలేదు. ఎత్తే అర్హత నాకు లేదనిపించింది. ఆమెకే గుర్తొచ్చింది.

"నువ్వన్నట్టే అయింది కదా బిడ్డా" అంది నవ్వుతూ. "సముద్రం మొత్తం మీకే ఇచ్చిండ్రు."

"అవును అత్తమ్మా" అన్నాను.

"మంచిగ చూసుకోండ్రి మరి. సముద్రం పైలం."

అవతల ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, నవ్వుతున్నట్టు చప్పుడు చేయడానికి ప్రయత్నించాను. రాలేదు.